పది వేళ్ల లెక్క

చార్మినార్ చూడబోయినవాళ్లు గాజులు కొంటారు. ముత్యాలు బేరమాడతారు. ఇరానీ చాయ్ తాగి వచ్చేస్తారు. ఆ మెరుపుల వెనక ఉన్న చేతుల్ని చూసేవాళ్లు తక్కువ. కాలినవి కొన్ని, కాయలు కాసినవి కొన్ని, ఒకటో రెండో వేళ్లు తగ్గినవి ఇంకొన్ని... ఆ చేతుల వెంట నడిస్తే కనిపించే పాతబస్తీ వేరు.

సాయంత్రం దీపాలు వెలిగే వేళకి లాడ్ బజార్ పెళ్లిపందిరిలా ఉంటుంది. చార్మినార్‌కి పడమర దిక్కున మొదలయ్యే ఈ వీధిలో రెండువైపులా గాజుల దుకాణాలే. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు... అద్దాలు, రాళ్లు పొదిగిన లక్క గాజులు. 2024లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అంటే 'హైదరాబాద్ లక్క గాజులు' అన్న పేరు ఇక ఈ ఊరి సొత్తు.

ఆ గాజు పుట్టేది మాత్రం దుకాణంలో కాదు. వెనక సందులో, నిప్పుల కుంపటి ముందు. లక్కను వేడిచేసి మెత్తబరుస్తారు. రంగు కలిపి, వేడి రేకు మీద దొర్లించి కడ్డీలా సాగదీస్తారు. చల్లారకముందే వంచి, కొసలు అతికి, కొలతకి తెస్తారు. మళ్లీ సెగ చూపించి రాళ్లు ఒక్కొక్కటే గుచ్చుతారు. చల్లారితే లక్క మాట వినదు. కాబట్టి వేడిగా ఉన్నప్పుడే వేళ్లతో పట్టుకోవాలి. కొత్తగా పనిలో చేరినవాడి వేళ్లు బొబ్బలెక్కుతాయి. పాతవాడి వేళ్లు మొద్దుబారతాయి. పనితనం అంటే ఇక్కడ సగం ఆ మొద్దుబారడమే!

నాలుగడుగులు వేస్తే మిఠాయిల మీద అద్దే వెండి రేకు, అదే వరక్. చిన్న వెండి ముక్కల్ని పొరల మధ్య పెట్టి గంటల తరబడి సుత్తితో కొడితే ఊదితే ఎగిరిపోయేంత పలచని రేకు తయారవుతుంది. జంతు సంబంధమైన పదార్థాలతో వరక్ చేయకూడదని 2016లో ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. ఆ పనిలోకి యంత్రాలూ వచ్చాయి. సుత్తి దెబ్బలతో పెరిగిన తరం మణికట్లకు మాత్రం ఆ నొప్పి మిగిలిపోయింది.

కాలడం, వాయడం, మొద్దుబారడం... ఇవన్నీ మెల్లగా వచ్చే దెబ్బలు. యంత్రం అలా కాదు. అది రెప్పపాటులో ముగిస్తుంది.

టంకసాల వీధి

పాతబస్తీకి అచ్చుయంత్రం కొత్త కాదు. చార్మినార్ నుంచి మొఘల్‌పురా మీదుగా వెళ్తే సుల్తాన్ షాహీ వస్తుంది. నిజాం సర్కారు టంకసాల ఒకప్పుడు ఇక్కడే ఉండేది. 1803లో, సికందర్ జా కాలంలో మొదలైందని టంకసాల చరిత్ర చెబుతుంది.

తొలినాళ్లలో నాణేలు ముద్రించింది చేతులతోనే. కింది అచ్చు దిమ్మెలో బిగించి ఉంటుంది. దాని మీద లోహపు బిళ్ల. పై అచ్చును ఒక చేత్తో నిలబెట్టి పట్టుకోవాలి. సుత్తి దాని నెత్తిన పడాలి. గురి తప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా? రాజు పేరు నాణెం మీద పడుతుంది. గుర్తు పట్టుకున్నవాడి వేళ్ల మీద పడుతుంది.

1895లో యంత్రాలు వచ్చాయి. అంచు సమంగా, బరువు సమంగా నాణేలు పడటం మొదలైంది. 1903 జులైలో టంకసాల సైఫాబాద్‌కి తరలిపోయింది. 1997లో చర్లపల్లికి చేరింది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. నాణేల్ని, వాటిని ముద్రించిన యంత్రాల్ని అక్కడ చూడొచ్చు.

టంకసాల వెళ్లిపోయింది. అచ్చు మాత్రం ఈ బస్తీల్ని విడిచిపెట్టలేదు. రేకును అచ్చుమీద పెట్టి కొట్టడం, తోలును అచ్చుతో కోయడం, ప్లాస్టిక్‌ను అచ్చులో పోయడం... చిన్న కార్ఖానా అంటేనే అచ్చు. టంకసాలలో యంత్రం సర్కారుది, మనిషి సర్కారు నౌకరు. ఇక్కడ యంత్రం సేఠ్‌ది. మనిషి ముక్కకి ఇంతని కూలి తీసుకునేవాడు. తేడా అక్కడుంది.

పేరులేని గదులు

సుల్తాన్ షాహీ, తాలాబ్ కట్టా, భవానీనగర్... పక్కపక్కనే ఉండే బస్తీలు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాల్సిన సందులు. పైన కాపురం, కింద కార్ఖానా. చాలావాటికి బోర్డు ఉండదు. లోపల పనుందని తెలిసేది చప్పుడుతోనే.

2015 జనవరిలో ఈ గదుల తలుపులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. భవానీనగర్ ప్రాంతంలోని గాజుల కార్ఖానాల మీద పోలీసులు దాడి చేశారు. రెండు వందల మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. ఎక్కువమంది బిహార్ నుంచి వచ్చినవాళ్లు. గాలి ఆడని గదుల్లో పొద్దస్తమానం గాజులకు రాళ్లూ చమ్కీలూ అతుకుతూ బతికినవాళ్లు. దేశమంతా ఆ వార్త చదివింది. మరుసటి ఏడాది, 2016లో, బాలకార్మిక చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, కుటుంబ పనికి, కళారంగానికి ఉన్న మినహాయింపులు తప్ప. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు.

గాజుల పనిలో పిల్లల్ని కోరుకోవడానికి కారణం కూడా వేళ్లే. సన్నని వేళ్లయితే చిన్న రాయిని చురుగ్గా పొదుగుతాయట! అలా మొదలైన కుర్రాడు నాలుగేళ్లు తిరిగేసరికి మరో కార్ఖానాకి మారతాడు. రాళ్లు అతికే పనికన్నా యంత్రం దగ్గర పనికి కూలి ఎక్కువ. ఉస్తాద్ పక్కన నిలబడి రెండు మూడు రోజులు చూస్తాడు. అంతే శిక్షణ. నాలుగోరోజు యంత్రం వాడిది.

తొమ్మిది వేల ఆరు వందల సార్లు

ప్రెస్సుల్లో పాతకాలందీ చవకైందీ చేతి ప్రెస్సు. నిలువు మరకి అడ్డంగా ఓ కడ్డీ, దాని కొసన ఇనుప గుండు. కుడిచేత్తో కడ్డీని విసురుగా తిప్పితే మర దిగి అచ్చు రేకు మీద పడుతుంది. ఎడమచెయ్యి రేకు పెడుతుంది, తీస్తుంది. రెండు చేతుల తాళం తప్పితే ఎడమచేతి వేలు నలుగుతుంది. అయినా యంత్రాన్ని నడిపేది మనిషే కాబట్టి ఎంతోకొంత ఆపుకోగలడు.

పవర్ ప్రెస్సు అలా ఆగదు. మోటారు ఓ బరువైన చక్రాన్ని ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది. కాలితో పెడల్ నొక్కితే క్లచ్ పడుతుంది. చక్రం బలమంతా అచ్చు మీదికి దిగుతుంది. పాతరకం క్లచ్ ఒకసారి పడిందంటే అచ్చు పూర్తిగా దిగి మళ్లీ పైకి లేచేదాకా ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ క్లచ్ అరిగినా, స్ప్రింగు విరిగినా మరీ ప్రమాదం. పెడల్ నొక్కకుండానే అచ్చు రెండోసారి దిగుతుంది. చెయ్యి అప్పుడు రేకు తీస్తూ లోపలే ఉంటుంది.

చిన్న లెక్క వేసి చూడండి. నిమిషానికి ఇరవై ముక్కలు కొడితే గంటకి 1,200. ఎనిమిది గంటలకి 9,600. అంటే ఒక్క రోజులో ఆ చెయ్యి అచ్చు కిందికి 9,600 సార్లు వెళ్లి రావాలి. 9,599 సార్లు క్షేమంగా తిరిగొచ్చినా చాలదు.

అందుకే ప్రమాదం జరిగినప్పుడు 'వాడు చూసుకోలేదు' అనడం తేలిక. నిద్ర చాలలేదు, వెలుతురు సరిగా లేదు, ముక్కల లెక్కన కూలి కాబట్టి తొందర, మధ్యలో కరెంటు పోయి వచ్చింది... ఇన్ని కారణాల్లో ఏదో ఒకటి ఆ క్షణాన చెయ్యిని లోపల ఉంచుతుంది. మనిషన్నాక ఏమరుపాటు సహజం. ఆ ఒక్క ఏమరుపాటుకి వేలు పోకుండా చూడాల్సింది యంత్రం. అందుకే దానికి గార్డు.

బస్తీ దాటిన పని

శాలిబండ, ఫలక్‌నుమా దాటి మైలార్‌దేవ్‌పల్లి వైపు వెళ్తే కాటేదాన్ పారిశ్రామికవాడ వస్తుంది. చార్మినార్ నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. పాతబస్తీ సందుల్లో పట్టని యంత్రాలు ఇక్కడుంటాయి. ప్లాస్టిక్, రబ్బరు, ఇనుము, తినుబండారాలు... ఒకదాని గోడకి ఆనుకుని ఇంకొకటి. పొద్దున్నే బస్సుల్లో, ఆటోల్లో, సైకిళ్ల మీద బస్తీ ఇటే కదులుతుంది. వాళ్లతో పాటు బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఇక్కడే గదుల్లో ఉండేవాళ్లు.

ఇక్కడ చేతికి పొంచి ఉన్నవి రకరకాల నోళ్లు. ప్లాస్టిక్ మౌల్డింగ్ యంత్రంలో రెండు సగాల అచ్చు ఒకదానికొకటి అతుక్కుంటుంది. అతుక్కున్న వస్తువుని లాగబోయిన చెయ్యి మధ్యలో ఉండిపోతే నలగడమే కాదు, కాలుతుంది కూడా. పాత ప్లాస్టిక్‌ను ముక్కలు చేసే గ్రైండర్‌లోకి సరుకును చేత్తో తోస్తే బ్లేడు అందుకుంటుంది. రబ్బరు రోలర్ల మధ్యకి కొసవేలు వెళ్తే మణికట్టుదాకా లాక్కుంటుంది. తిరిగే యంత్రం దగ్గర గుడ్డ గ్లవుజు రక్షణ కాదు, గండం. గ్లవుజు చిక్కుకుంటే దాంతో పాటే చెయ్యీ వెళ్తుంది.

ఇది కాటేదాన్ ఒక్కదాని కథ కాదు. గురుగ్రామ్-మానేసర్‌లో కార్ల విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీల్లో చేతులు నలిగిన కార్మికుల కోసం 'సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్' పనిచేస్తోంది. 2019 నుంచి 'క్రష్డ్' పేరుతో నివేదికలు వెలువరిస్తోంది. వేళ్లు నలగడానికి పెద్ద కారణం పవర్ ప్రెస్సేనని అవి చెబుతున్నాయి. పెద్ద కంపెనీ గేటు లోపల అన్నీ సవ్యంగానే ఉంటాయి. దానికి సరుకు చేసిచ్చే చిన్న కంపెనీలో, ఆ చిన్న కంపెనీకి ముక్కలు కొట్టిచ్చే షెడ్డులో... కిందికి దిగేకొద్దీ వేళ్లు తగ్గుతుంటాయి.

నయాపూల్ అవతల

వేలు తెగినవాణ్ని ఆటోలో వేసుకుని బస్తీ పరిగెత్తే దారి ఒకటే. చార్మినార్, మదీనా, నయాపూల్... మూసీ దాటగానే ఉస్మానియా ఆసుపత్రి. 1925లో పూర్తయిన గుమ్మటాల భవనం. వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చాక 2020 జులైలో దాన్ని మూసేశారు. వైద్యం మిగతా బ్లాకుల్లోకి మారింది. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఎన్ని మారినా పాతబస్తీకి 'దవాఖానా' అంటే ఉస్మానియానే.

తెగిన వేలిని మళ్లీ అతికించడం సాధ్యమే. సన్నని రక్తనాళాల్ని మైక్రోస్కోపు కింద కలిపి కుడతారు. అది కుదరాలంటే మూడు జరగాలి. తెగిన భాగం మరీ నుజ్జవకూడదు. వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేరాలి. వేలిని సరిగ్గా తీసుకురావాలి. ప్రెస్సు దెబ్బకి మొదటిదే కష్టం. కత్తి కోస్తుంది, ప్రెస్సు చిదిమేస్తుంది. మూడోది మాత్రం మన చేతుల్లో పనే.

చాలామంది కంగారులో వేలిని నేరుగా ఐసు ముక్కల్లో వేసి తెస్తారు. అది తప్పు. మంచు తగిలిన కణాలు చచ్చిపోతాయి. శుభ్రమైన గుడ్డను తడిపి, పిండి, అందులో వేలిని చుట్టాలి. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూయాలి. ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ ఒత్తిపట్టి చెయ్యి పైకెత్తి ఉంచాలి. పసుపు, చాయ్ పొడి, సున్నం... ఏవీ అద్దకూడదు. కార్ఖానా గోడ మీద దేవుడి పటం పక్కనో, క్యాలెండర్ పక్కనో ఈ నాలుగు ముక్కలు రాసి పెడితే ఏదో ఒకరోజు ఒక వేలు మిగులుతుంది.

చూపుడువేలు పద్నాలుగు శాతం

గాయం మానాక అసలు లెక్క మొదలవుతుంది. చట్టానికి ప్రతి వేలికీ ఓ అంకె ఉంది. 1923 నాటి పరిహార చట్టంలోని పట్టిక అది. బొటనవేలు మొత్తం పోతే సంపాదనశక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలు 14. మధ్యవేలు 12. ఉంగరపు వేలైనా, చిటికెన వేలైనా 7. ఒకే చేతి నాలుగు వేళ్లు పోతే 50. ఎముక పోకుండా చూపుడువేలి కొస మాత్రమే తెగితే 5.

లెక్క కట్టే పద్ధతి ఇదీ. నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చించాలి. పాతికేళ్లవాడికి ఆ గుణకం 216.91. నెలకి 10 వేలు సంపాదించే పాతికేళ్ల కుర్రాడి చూపుడువేలు పూర్తిగా పోతే రావాల్సింది సుమారు లక్షా 82 వేల రూపాయలు. బొటనవేలైతే 3 లక్షల 90 వేలు. చిటికెన వేలైతే 91 వేలు. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, పైన జరిమానా కూడా వేయొచ్చు. ఈఎస్ఐ కార్డు ఉంటే దారి వేరు. పనిలో దెబ్బ తగిలితే చేరిన మొదటిరోజైనా సరే వైద్యం, కోలుకునేదాకా వేతనంలో 90 శాతం, శాశ్వత నష్టానికి నెలనెలా భత్యం ఉంటాయి.

ఇదంతా చాలా కార్ఖానాల్లో వినని మాట. సేఠ్ ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటాడు. చేతిలో కొంత పెడతాడు. 'తగ్గాక రా, పని ఇస్తా' అంటాడు. అది అతని మంచితనం అనుకుంటారు తప్ప, తమకు రావాల్సింది వేరే ఉందనుకోరు. హాజరు పట్టీ లేదు, జీతం చీటీ లేదు. ఆ గదిలో పనిచేశానని చెప్పడానికి సాక్ష్యం తెగిన వేలు ఒక్కటే.

పట్టికలో లేని నష్టాలు ఇంకెన్నో. చొక్కా గుండీ పెట్టుకోలేని బాధకి అంకె లేదు. తస్బీహ్ పూసలు తిప్పబోతే తడబడే చేతికి అంకె లేదు. రేషన్ దుకాణంలో యంత్రం మీద వేలు పెట్టమంటే ఏ వేలు పెట్టాలో వెతుక్కోవడానికీ లేదు. కనుపాపతో సరిపెట్టే వీలుంది సరే, ఆ క్షణాన వెనక వరుసలో ఉన్నవాళ్ల చూపులకి ఏ శాతం కడతారు?

ఎంతమంది ఉంటే ఫ్యాక్టరీ?

ఇక అసలు ప్రశ్న. చట్టం కళ్లకి ఈ గది కనిపిస్తుందా? ప్రమాదకరంగా కదిలే ప్రతి భాగానికీ కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. తగిన శిక్షణ, పర్యవేక్షణ లేకుండా కుర్రాళ్లను ప్రమాదకర యంత్రాల మీద పెట్టకూడదనీ అంది. కానీ కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే ఇరవైమంది ఉండాలి. మిగతా సంస్థలకు కోడ్ వర్తించాలన్నా పదిమంది కావాలి. ఫలానా పని ప్రమాదకరమని ప్రభుత్వం ప్రకటిస్తే తప్ప ఆరుగురు పనిచేసే గది లెక్కలోకి రాదు. ఆరుగురికి అరవై వేళ్లుంటాయి. వాటిని లెక్కపెట్టే రిజిస్టరు ఉండదు.

పరిహారం సంగతి అలా కాదు. అదే రోజు నుంచి సామాజిక భద్రత కోడ్‌లోకి చేరిన ఆ నిబంధనలకు పదిమంది ఉండాలన్న షరతు లేదు. కరెంటుతో యంత్రం నడిచే చిన్న గదిలో దెబ్బ తగిలినా అడగొచ్చు. అంటే వేలు తెగాక ఆ కార్మికుడు చట్టానికి కనిపిస్తాడు. తెగకముందు కనిపించడు!

తెగకముందే కాపాడటానికి పెద్ద పరిజ్ఞానమేమీ అక్కర్లేదు. అచ్చు చుట్టూ రేకు పట్టేంత సందు మాత్రం వదిలి ఇనుప జాలీ బిగిస్తే చెయ్యి లోపలికి పోదు. ముక్కను చిమటాతో పెట్టి తీస్తే వేలు దూరంగా ఉంటుంది. ఏ పూట కాపూట క్లచ్, స్ప్రింగు చూసుకుంటే అచ్చు తనంతట తాను దిగదు. మోటారు ఆపి, చక్రం పూర్తిగా నిలిచాకే అచ్చు మార్చాలి. 'గార్డు పెడితే పని నెమ్మదిస్తుంది' అన్నది కార్ఖానాల్లో పాత మాట. నిజమే, ముక్కలు కొన్ని తగ్గుతాయి. వాటికి కూలి కోయకుండా ఉంటే, జాలీని విప్పి మూలన పారేయాల్సిన అవసరం కార్మికుడికీ రాదు.

అన్నిటికన్నా తేలికైన ఉపాయం ఇంకోటుంది. కాలి పెడల్ తీసేసి రెండు బొత్తాలు పెట్టడం. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు, జానెడు కన్నా ఎడంగా. రెండూ ఒకేసారి నొక్కితేనే అచ్చు దిగుతుంది. ఒకటి వదిలితే దిగదు. పాత క్లచ్ ప్రెస్సుకి దీంతోపాటు జాలీ కూడా ఉండి తీరాలి. ఇందులో కిటుకు చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. రెండు చేతులూ బొత్తాల మీద ఉన్నప్పుడు, అచ్చు కింద పెట్టడానికి మనిషికి మూడో చెయ్యి లేదు.